నీలం డబ్బా నీళ్ళు

ఏప్రిల్ 18

ఈ డైరీ తెలుగులో రాయడానికి ఒకటే కారణం. మా ఇంట్లో షహజాదికి ఉర్దూ తప్ప మరో లిపి రాదు. మా అమ్మాయి తహ్రీమ్‌కు తెలుగు అక్షరాలు వచ్చినా కూడబలుక్కుని చదివే ఓపిక లేదు. శంషాబాద్ సర్కారు బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివిన ఈ షుజాత్ మియా ఒక్కడే ఈ ఇంటికి తెలుగు పండితుడు. ఇక్కడ ఏం రాసుకున్నా భార్యాబిడ్డలు చదవరు.

కంటి దవాఖానకు వెళ్ళొచ్చాను. నీటికాసులట. రెండు కళ్ళకూ ఉంది, ఎడమది బాగా ముదిరింది. పోయిన చూపు ఇక రాదు, ఆపరేషన్ చేస్తే ఉన్నది నిలుస్తుంది అంది డాక్టరమ్మ. పొద్దు గుంకాక స్టీరింగ్ ముట్టుకోవద్దంది. పగలు కూడా మానేస్తే మంచిదంది. ఆమెకు మా తహ్రీమ్ వయసు ఉంటుంది. నేను ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్నాను, అందులో ఆరేళ్ళు సౌదీలో ట్రక్కు. భయపెట్టకపోతే జనం మాట వినరని డాక్టర్లు కాస్త ఎక్కువ చేసి చెబుతారు.

ఇంట్లో మాత్రం చుక్కల మందుతో తగ్గిపోతుందని చెప్పాను. షహజాది సరే అని చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది. ఈ మధ్య గ్లాసు స్టూలు మీద పెట్టడం మానేసి చేతికే అందిస్తోంది. వయసు మీదపడేకొద్దీ మొగుడి మీద ప్రేమ పెరుగుతుంది కాబోలు.

ఏప్రిల్ 20

ఎయిర్‌పోర్టు గిరాకీ. పూర్ణిమమ్మను సామానుతో, కుక్కతో దింపి వచ్చాను. ఇక్కడి బడిలో టీచరు. మూడేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా నా వ్యానే పిలుస్తుంది. భర్త జగదీశ్‌కు జైసల్మేర్ దగ్గర గాలిమరల కంపెనీలో ఉద్యోగం. ఇక అక్కడే కాపురమని ఇల్లు ఖాళీ చేసి బయలుదేరింది.

నేను రోడ్డెక్కానో లేదో ఫోను. చప్పిడి ముక్కు కుక్కలకు ఎండాకాలంలో విమానం లేదట. ఊపిరి ఆడక చచ్చిపోతాయట. వెనక్కి వెళ్ళి చూస్తే ఆమె కుక్కను చంటిపిల్లలా భుజాన వేసుకుని ఏడుస్తోంది.

"షుజాత్ గారూ, సామాను లోపలికి వెళ్ళిపోయిందండీ. దీన్ని ఎవరి దగ్గర వదిలిపెట్టను? నాకేమీ తోచడం లేదు."

నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పరుగెడుతుంది. "మీరు విమానం ఎక్కుండ్రి అమ్మా. దీన్ని నేను బండ్లె తెస్త. జైసల్మేర్ ఎంత దూరం?" అన్నాను. ఎంత దూరమో నాకూ తెలియదు.

కుక్క పేరు పకోడి. దాని ముఖం మీద ఎవరో కూర్చుని లేచినట్టుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు కూడా గురక పెడుతుంది.

తిరిగి వస్తూ ఆలోచించాను. ఆపరేషన్ ఎలాగూ చేయించుకుంటాను. దానికి ముందు ఒక్కసారి ఇసుక మధ్య బండి తోలి వస్తే తప్పేమిటి? రియాద్ రోడ్డు ఇప్పటికీ కలలోకి వస్తుంది. రెండు పక్కలా ఇసుక, మధ్యలో నల్లటి గీత, ఎదురుగా ఎవడూ లేడు. ఔటర్ రింగు రోడ్డు మీద లారీల వెనక ఈడ్చుకుంటూ తిరగడాన్ని డ్రైవింగ్ అనరు.

ఏప్రిల్ 21

నిన్న షహజాది పకోడిని గేటు లోపలి నుంచే చూసింది. (ఆమె మాట్లాడేది మా ఇంటి భాషే. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.)

"ఇంట్ల నమాజు చేస్కుంటున్న. కుక్క గడప దాటొద్దు. ఇంట్ల నా మాట. బండ్ల ఏం చేస్కుంటవో నీ మాట."

పెళ్ళయిన నాటి నుంచీ ఇదే మాట. దాంట్లో కోపం లేదు, చర్చ కూడా లేదు. సాయంత్రం మేక కార్జం వేసి వండిన అన్నం గేటు సందులోంచి చాపింది. "గదేం పాపం చేసింది, తినని" అంది. నేను పకోడితో వ్యానులోనే పడుకున్నాను. గురకకు నిద్ర పట్టలేదు. నా గురకకు అదీ పడుకోలేదేమో, పొద్దున్నే నావైపు అదోలా చూసింది.

ఏప్రిల్ 22

కాటేదాన్‌లో శివయ్య దగ్గర వెనక సీట్లు పీకించి చెక్క మంచం బిగించాను. కింద సామాను, పైన నేను, కాళ్ళ దగ్గర కుక్క. కిటికీలకు పరదాలు. ఒక చిన్న గ్యాసు పొయ్యి. శివయ్య అడిగాడు, "ఏంది షుజాత్ భాయ్, ఇల్లు ఇడిసిపెడ్తున్నవా?" ఇల్లే తయారు చేయించుకుంటున్నానని చెప్పాను.

షహజాది రెండు నీళ్ళ డబ్బాలు తెచ్చి మంచం కింద పెట్టింది. "నీలంది నీ వుజూకు. ఆకుపచ్చది కుక్కకు. దాని మూతి నీలం డబ్బకు తగలొద్దు. యాది పెట్టుకో." కుక్క ఎంగిలి తగిలిన నీళ్ళతో నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కోకూడదు. నాకు తెలియని సంగతి కాదు, అయినా ప్రతిసారీ చెబుతుంది.

తహ్రీమ్ వస్తానంది. ఎయిర్‌పోర్టులో కౌంటర్ ఉద్యోగం దానిది, సెలవు దొరుకుతుందట. "సగం దూరం నేను తోల్త అబ్బా. లైసెన్సు ఉన్నది గదా." మంఖాల్ దిక్కు ఏదో డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుందట, నాకు చెప్పకుండా. స్కూటీ నడిపినంత సులువు కాదమ్మా అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది. నా బండి నేను తప్ప ఎవరూ నడపలేదు.

ఏప్రిల్ 23

చుక్కలు వేసుకున్నాను.

ఏప్రిల్ 24

బయలుదేరాం. జహీరాబాద్ దాటాక పకోడికి ముందు సీటు కావాల్సి వచ్చింది. ఇచ్చాను. ఏసీ గాలికి మూతి పెట్టి రాణిలా కూర్చుంది. సోలాపూర్ ఇవతలే ఆగాను. ఇంకా వెళ్ళవచ్చు గానీ కుక్క అలిసిపోయింది.

షహజాది ఫోను. చుక్కలు వేసుకున్నావా అంది. వేసుకున్నాను.

ఏప్రిల్ 25

ఇవాళ కూడా పొద్దు గుంకకముందే ఆగాం. కుక్క అలిసిపోయింది.

ఈ లారీల వాళ్ళు కొత్త రకం తెల్ల లైట్లు పెట్టుకుంటున్నారు. మనిషి కళ్ళు పోవా?

ఏప్రిల్ 27

గుజరాత్. ఒక టోల్ గేటు దగ్గర ఎడమ అద్దం స్తంభానికి తగిలి మడత పడింది. స్తంభాన్ని మరీ ముందుకు కట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు.

పకోడి నన్ను పరీక్షిస్తోంది. పెరుగన్నం పెడితే తినదు. నేను తింటుంటే నా ప్లేటులోది కావాలి. బండిలో నా మాట అనుకున్నాను గానీ, ఇక్కడ కూడా నా మాట చెల్లడం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు దానితో మాట్లాడుతున్నాను. సౌదీ కబుర్లన్నీ చెప్పాను. ఇంట్లో ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు.

అహ్మదాబాద్ అవతల ఆగాం.

ఏప్రిల్ 28

మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. సాంచోర్‌లో మెకానిక్ చూసి, కంప్రెసర్ పోయింది, ఆ సామాను ఇక్కడ దొరకదు అన్నాడు. బయట గాలి పెనం మీది సెగలా ఉంది. పకోడి నాలుక వేలాడేసి రంపం కోస్తున్నట్టు ఊపిరి తీస్తోంది. తడి తువ్వాలు కప్పి, మెకానిక్ షాపులో కూలర్ ముందు పడుకోబెట్టాను.

పూర్ణిమమ్మ ఫోను చేసింది. "ఎలా ఉందండీ మా పకోడి?" రాణిలా ఉందమ్మా అన్నాను.

ఏప్రిల్ 29

తెల్లారగానే బయలుదేరి ఎండ ముదిరేలోపు బార్మేర్ చేరాం. ఇసుక మొదలైంది. బండి ఆపి దిగి చేత్తో తాకి చూశాను. ఇక్కడి ఇసుక సౌదీ ఇసుక కంటే కాస్త ఎర్రన. పకోడి దాని మీద కాలు పెట్టి వెంటనే ఎత్తేసింది.

ఇలా ఉదయాలు మాత్రమే నడిపితే జైసల్మేర్ ఇంకా ఒకటి రెండు రోజులు. కానీ మధ్యాహ్నాలు గడిచేదెలా? ఎండలో కుక్కకు కుదరదు. చీకట్లో నాకు కుదరదు.

పై వాక్యం రాసేశాను. కొట్టేయను. చదివేవాడిని నేను ఒక్కడినే కదా.

ఏప్రిల్ 30

అక్షరాలు వంకరపోతున్నాయి. అయినా ఇది ఇవాళే రాయాలి.

పొద్దున ఆలస్యంగా లేచాను. కొంత దూరం రాగానే ఎండ ముదిరింది. దారి పక్క ఒక ధాబాలో ఆగాం. పకోడికి గోనెపట్టా తడిపి కప్పాను. మధ్యాహ్నానికి అది తల ఎత్తడం మానేసింది. ధాబా ఆయన చూసి, ఇక్కడ కరెంటు ఉండదు, కూలర్ తిరగదు, చల్లబడగానే జైసల్మేర్ తీసుకుపో, లేకపోతే దక్కదు అన్నాడు. చల్లబడడం అంటే పొద్దు గుంకడమే. ఎండ తగ్గడానికీ చీకటి పడడానికీ మధ్య కొంచెం వెలుగు ఉంటుంది, అందులో గట్టెక్కుతాను అనుకున్నాను.

నీడలు పొడుగయ్యాక బయలుదేరాను. ఉన్నమాట రాస్తాను, చాలా సంతోషంగా ఉండింది. అదే రోడ్డు. రెండు పక్కలా ఇసుక, మధ్యలో నల్లటి గీత, ఎదురుగా ఎవడూ లేడు. పాట కూడా పాడాను. పకోడి కిటికీకి మూతి పెట్టి కాస్త తేరుకుంది.

తర్వాత సూర్యుడు దిగిపోయాడు. ఇంకా చీకటి పడలేదు. మరొకడైతే ఆ వెలుగులో పేపరు చదువుతాడు. నాకు మాత్రం రోడ్డూ ఇసుకా ఒకే రంగు అయిపోయాయి. అక్కడే ఆగాలి. ఆగలేదు. ఇంకాస్త, ఇంకాస్త అనుకున్నాను.

రోడ్డు కుడికి తిరిగింది. నేను తిన్నగా వెళ్ళాను.

ఎడమ వైపు ఎవరో అరిచారు. బండి అంచు దాటి ఎగిరి ఇసుకలో సగం చక్రం దాకా దిగబడి ఆగింది. చూస్తే మేకలు చెల్లాచెదురుగా పరుగెడుతున్నాయి, వాటి మధ్య ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆమె అరవకముందు నాకు ఎడమ వైపు ముసలమ్మ లేదు, మేకలు లేవు, ఏమీ లేదు. ఆమె పక్కకు దూకి తప్పుకుంది కాబట్టి ఇవాళ ఈ డైరీ రాస్తున్నాను. లేకపోతే జైల్లో ఉండేవాడిని, అదైనా న్యాయమే.

ఆమె నన్ను తిట్టింది. తల వంచుకుని విన్నాను. తిట్టి, కుక్కను చూసి, ట్రాక్టరు పంపిస్తానని మేకలను తోలుకుని వెళ్ళింది.

పకోడి సీటు కింద పడిపోయి ఉంది. నాలుక నల్లబడింది. నీళ్ళ కోసం మంచం కింద చెయ్యి పెడితే ఆకుపచ్చ డబ్బా పక్కకు పడి మూత ఊడి ఉంది, చుక్క లేదు. నీలం డబ్బా నిండుగా ఉంది. నా తాగే నీళ్ళు ధాబాలోనే అయిపోయాయి.

ఆలోచించాను అని రాస్తే అబద్ధం. నీలం డబ్బా తీసి దాని తల మీద, పొట్ట మీద, పాదాల మీద పోశాను. కాస్త కదిలి, ముందుకు పాకి, డబ్బా మూతిలోనే ముఖం పెట్టి తాగింది. ఆపలేదు.

పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజు వేళ దాటిపోతోంది. నీళ్ళు లేనిచోట శుభ్రమైన మట్టితోనే వుజూ చేసుకోవచ్చు, తయమ్ముమ్ అంటారు. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ నేర్పించారు, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అవసరం రాలేదు. శంషాబాద్‌లో నల్లా రాకపోతే ట్యాంకరైనా వస్తుంది. ఇసుక మీద అరచేతులు కొట్టి ముఖం తుడుచుకున్నాను, మోచేతుల దాకా తుడుచుకున్నాను. ఇసుక ఇంకా వెచ్చగా ఉంది. నమాజులో ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. పకోడి బండి పక్కన కూర్చుని నన్నే చూస్తోంది.

ట్రాక్టరు వచ్చి బండిని లాగి, రోడ్డు మీది తర్వాతి ధాబా దగ్గర వదిలింది. ఇక్కడ కరెంటు ఉంది, కూలర్ ఉంది. షహజాదికి ఫోను చేశాను. అసలు సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియక డబ్బా సంగతి ముందు చెప్పాను.

"నీలం డబ్బ నీళ్ళు కుక్కకు తాపిన. అది డబ్బల మూతి పెట్టింది."

"బతికిందా?"

"బతికింది."

"నువ్వు?"

అప్పుడు అంతా చెప్పాను. నీటికాసులు, ఆపరేషన్, డాక్టరమ్మ మాట, ముసలమ్మ, అంతా.

"నాకు తెల్వదనుకున్నవా? స్టూలు మీద పెడితే రెండుసార్లు గ్లాసు తన్నేసినవ్. గప్పటి సంది చేతికే ఇస్తున్న."

"మరి అడగకపోతివి?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన. పెండ్లాన్ని గదా, జర చెప్తవనుకున్న."

నేను నోరు తెరిచేలోపు మళ్ళీ తనే అంది.

"బండి తాళం ధాబాయనకు ఇయ్యి. గాడనే ఉండు. మేం వస్తున్నం."

మే 1

తాళం ఇచ్చేశాను. మంచం మీద కూర్చున్నాను. పకోడి కూలర్ ముందు.

మే 2

షహజాది విమానం ఎక్కింది! ఇన్నేళ్ళుగా రోజంతా మా ఇంటి మీద నుంచి విమానాలు పోతుంటే, ఆరేసిన బట్టలకు వాటి చప్పుడు అంటుకుంటుందని తిట్టుకునే మనిషి. తహ్రీమ్‌తో జోధ్‌పూర్ దాకా విమానం, అక్కడి నుంచి బస్సు. సాయంత్రానికి ధాబా ముందు దిగింది, బురఖా నిండా దుమ్ము.

తిడుతుందనుకుని సిద్ధంగా ఉన్నాను. "పైనుంచి చూస్తే మన శంషాబాద్ అంత రాళ్ళే కనబడ్డయి" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని ముఖం ఇటూ అటూ తిప్పి దెబ్బలేమైనా తగిలాయేమో చూసింది. అంతే.

తహ్రీమ్ చెయ్యి చాపింది. "తాళం ఏది అబ్బా?"

మే 3

తెల్లవారకముందే బయలుదేరాం, చల్లగా ఉన్నప్పుడే. తహ్రీమ్ స్టీరింగ్ దగ్గర, నేను పక్కన. మిగిలింది వెనక చెక్క మంచం ఒక్కటే. అక్కడ పకోడి ఉంది. షహజాది తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది, బురఖా సర్దుకుని ఎక్కి మంచం చివర కూర్చుంది.

తహ్రీమ్ గేరు మార్చినప్పుడల్లా నా ఎడమ చెయ్యి దానంతట అదే లేస్తోంది. నోరు మూసుకోవడానికి చాలా కష్టపడ్డాను. నిజం రాయాలంటే పిల్ల బాగా నడుపుతుంది. నాకంటే నెమ్మది. ఒక్కచోట "ఎడమకు చూడు" అన్నాను. "చూస్తున్న అబ్బా. నువ్వు ఇసుక చూడు" అంది. చూశాను. మధ్యలో ఉన్నంత మేర బాగా కనబడింది. ఎర్రటి ఇసుక మీద పొద్దు పొడిచింది, గాలిమరలు తిరుగుతున్నాయి. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి కలిగాయి. ఈ రోడ్డు మీద నేను ఇక బండి నడపను.

వెనక్కి తిరిగి చూస్తే పకోడి షహజాది పాదాల మీద గడ్డం ఆనించి గురక పెడుతోంది. షహజాది కాళ్ళు కదపడం లేదు.

"జరగమను దాన్ని" అన్నాను.

"పండుకోని. ఇది ఇల్లు గాదు గదా, బండి."

జైసల్మేర్‌లో పూర్ణిమమ్మ గేటు బయటే నిలబడి ఉంది. పకోడి ఆమెను చూసి చేసిన గోల రాయడం నా వల్ల కాదు. జగదీశ్ సారు ఏసీ బాగు చేయించాకే కదలనిస్తానన్నాడు. పూర్ణిమమ్మకు కూడా దాచకుండా చెప్పాను, దారిలో నా తప్పు వల్ల దాని ప్రాణం మీదికి వచ్చిందని. ఆమె ముఖం తెల్లబడింది. కుక్క ఒళ్ళంతా తడిమి చూసి "మీరు చెప్పకపోయినా నాకు తెలిసేది కాదండీ" అంది. కుక్కను మాత్రం మళ్ళీ నా చేతికి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

మే 10

శంషాబాద్. ఇంటికి చేరాం. దారి పొడుగునా తహ్రీమే నడిపింది. నేను వెనక చెక్క మంచం మీద పడుకుని వచ్చాను. కాళ్ళ దగ్గర ఖాళీగా ఉంది.

మే 17

రేపు ఆపరేషన్. భయంగా ఉంది.

మే 30

డాక్టరమ్మ రాసుకోవచ్చంది, పెద్ద అక్షరాలతో. ఎడమ కన్ను ఆపరేషన్ బాగా అయింది, అంటే పోయింది పోయిందే, ఉన్నది ఉంది. కుడిది వచ్చే నెల.

నా లైసెన్సు తహ్రీమ్‌కు ఇచ్చి బీరువాలో పెట్టమన్నాను. సెలవు రోజుల్లో వ్యాను తనే తీస్తుంది, నన్ను దవాఖానకు తీసుకుపోతుంది. కందుకూరు నుంచి మామిడి పళ్ళు తెచ్చింది. నేను పక్కన కూర్చుని ఏదీ చెప్పకుండా ఉండడం నేర్చుకుంటున్నాను. స్టీరింగ్ నేర్చుకోవడమే దీనికంటే సులువు.

సాయంత్రం వరండాలో కూర్చున్నాను. గేటు దగ్గర ఏదో నీళ్ళు తాగుతున్న చప్పుడు. లేచి తడుముకుంటూ వెళ్ళాను. వీధి కుక్క ఒకటి నన్ను చూసి తప్పుకుంది. వంగి చేత్తో పట్టుకుని, మంచి కంటికి దగ్గరగా పెట్టి చూశాను. నీలం డబ్బా. నడుముకు అడ్డంగా కోసి, అంచులు చెయ్యి కోసుకోకుండా నున్నగా కాల్చి, గేటు బయట ఇటుకల మధ్య పెట్టి, నిండా నీళ్ళు పోసి ఉంది.

పారేసిందనుకున్నాను. అడగడానికి ఇన్ని రోజులూ ధైర్యం చాలలేదు.

షహజాది చాయ్ తెచ్చింది.

"వుజూ డబ్బ గిట్ల చేసినవేంది?"

"నీకు కొత్తది కొన్న, లోపల ఉన్నది. ఇది కుక్కలదైపోయింది గదా. వాటిది వాటికి ఇచ్చిన."

"గడప దాటొద్దంటివి."

"దాటలే. చూడు, గడప బయట్నే ఉన్నది."

గ్లాసు పట్టుకుని నిలబడింది. ఈసారి నేనే చెయ్యి చాపాను.